వోల్టేజి, కరెంటుల నుంచి నిరోధం, సామర్థ్యం: మచ్చ బొల్లారం ఇళ్ల లెక్క

విద్యుత్ వలయంలో ఒక సాధనం రెండు కొసల మధ్య ఉన్న వోల్టేజిని దాని గుండా పోతున్న కరెంటుతో భాగిస్తే ఆ సాధనం నిరోధం వస్తుంది. ఆ రెంటినీ గుణిస్తే అది తీసుకుంటున్న సామర్థ్యం వస్తుంది. వోల్టేజిని వోల్టుల్లో, కరెంటును ఆంపియర్లలో తీసుకుంటే మొదటి జవాబు ఓమ్‌లలో, రెండోది వాట్లలో ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లని రాసి ఉన్న గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాని నిరోధం సుమారు 26.45 ఓమ్‌లు. అంకగణితం ఇంతే. పదో తరగతి పిల్లలు కళ్లు మూసుకుని చేసేస్తారు. అయినా ఇదే లెక్క చేతిలో పెట్టుకుని బోరు మోటారు ఎందుకు కాలిపోయిందో, ప్లగ్గు ఎందుకు నల్లబడిందో, పక్కింట్లో గీజరు వేస్తే మన ఇంట్లో లైటు ఎందుకు మందగిస్తుందో చెప్పమంటే చాలామంది తడబడతారు. కారణం ఒక్కటే. వోల్టేజి, కరెంటు, నిరోధం, సామర్థ్యం అనే నాలుగింటిలో ఏది నిలకడగా ఉందో, ఏది మరొకదాన్ని బట్టి మారుతోందో సూత్రంలో రాసి ఉండదు. అది వలయాన్ని చూసి తెలుసుకోవాల్సిన సంగతి. ఆ సంగతి తెలియకుండా వేసిన లెక్క అంకెల్లో సరిగ్గానే ఉంటుంది, వాస్తవంలో తప్పుతుంది. హైదరాబాద్ ఉత్తరపు అంచున అల్వాల్, బొల్లారం మధ్య ఉన్న మచ్చ బొల్లారంలోనూ, అక్కడి నుంచి మేడ్చల్, శామీర్‌పేటల దాకా ఉన్న కాలనీల్లో, పొలాల్లోనూ ఇందుకు కావలసిన ఉదాహరణలన్నీ దొరుకుతాయి.

ఈ నియమం పుట్టుకలోనే ఆ పాఠం ఉంది. జర్మన్ ఉపాధ్యాయుడు జార్జ్ సైమన్ ఓమ్ కొలోన్ నగరంలో పాఠాలు చెబుతూ 1825లో వేర్వేరు పొడవుల తీగల మీద చేసిన మొదటి ప్రయోగాల నుంచి తప్పు సూత్రం తీశాడు. అప్పటి వోల్టాయిక్ ఘటాలు తీగ తగిలించగానే ఒక బలంతో మొదలై, క్షణాల్లో నీరసించేవి. ఘటమే నిలకడగా లేకపోతే తీగ ప్రభావాన్ని విడిగా చూడటం ఎలా? 1826లో ఆయన భౌతిక శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహా మీద ఘటాన్ని పక్కన పెట్టి, రాగి, బిస్మత్ లోహాల జంటను తీసుకున్నాడు. ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. ఉష్ణోగ్రతల తేడా మారదు కాబట్టి దాని నుంచి వచ్చే వోల్టేజీ మారలేదు. ఆ తర్వాత ఎనిమిది రాగి తీగల్ని ఒక్కొక్కటిగా తగిలించి చూస్తే కరెంటు ఒక చక్కటి వరసలో తగ్గింది. తీగ పొడవుకు ఒక స్థిరసంఖ్య కలిపి, ఆ మొత్తంతో జంట బలాన్ని భాగిస్తే కరెంటు వస్తోంది. ఆ కలిపిన సంఖ్య తీగది కాదు, మిగతా వలయానిది. అంటే ఓమ్ రాసిన మొదటి సరైన సూత్రంలోనే మూలానికి ఉన్న సొంత నిరోధం కూడా ఉంది. 1827లో ఆయన పుస్తకం వెలువడింది. స్వదేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. అదే ఏడాది జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి, నిరోధానికి అనులోమంగా ఉంటుందని ప్రచురించాడు. మన బడి పుస్తకాల్లో ఓమ్ నియమం మిగిలింది గానీ, ఆయన కలిపిన ఆ రెండో సంఖ్య జారిపోయింది. ఇంటి విద్యుత్తు విషయంలో తగాదాలన్నీ ఆ జారిపోయిన సంఖ్య దగ్గరే.

మచ్చ బొల్లారం ఇంటికి ఆ సంఖ్య ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. సబ్‌స్టేషన్ నుంచి 11 కిలోవోల్టుల ఫీడరు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా వస్తుంది. అక్కడి నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ స్తంభాల మీద సాగుతాయి. స్తంభం నుంచి సర్వీసు వైరు మీటరుకు చేరుతుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉండాలన్నది లెక్క. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ఇంటి సరఫరాలో 6 శాతం హెచ్చుతగ్గుల్ని ఒప్పుకున్నాయి. అంటే దాదాపు 216 నుంచి 244 దాకా. ఒకప్పుడు పల్లెగా ఉండి, 2007లో అల్వాల్ మున్సిపాలిటీతోపాటు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిన ఇటువంటి చోట్ల ఇళ్లు పెరిగినంత వేగంగా ట్రాన్స్‌ఫార్మర్లు పెరగవు. లైను చివరి ఇంటికి తీగ పొడవు ఎక్కువ, అంటే ఓమ్ చెప్పిన ఆ రెండో సంఖ్య ఎక్కువ. దాన్ని కొలవడం కష్టం కాదు. ప్లగ్గులో పెట్టే వోల్టు మీటరు గీజరు వేయకముందు 228 చూపించి, వేశాక 222కు దిగిందనుకుందాం. 26.45 ఓమ్‌ల గీజరు 222 వోల్టుల దగ్గర 8.4 ఆంపియర్లు తీసుకుంటుంది. తగ్గిన 6 వోల్టుల్ని 8.4తో భాగిస్తే 0.71 ఓమ్. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట, స్తంభాల తీగ, సర్వీసు వైరు, ఇంటి లోపలి వైరింగు అన్నీ కలిపిన నిరోధం అది. పక్కిళ్ల లోడు ఆ క్షణంలో మారితే అంకె చెడిపోతుంది కాబట్టి నాలుగైదు సార్లు చూసి సగటు తీయాలి. ఈ ఒక్క అంకెతో ఇంకో సంగతీ తెలుస్తుంది: ఇంట్లో ఫేజు, న్యూట్రల్ తగిలితే 228ని 0.71తో భాగించగా వచ్చే 320 ఆంపియర్ల దాకా పారుతుంది. కరెంటు హద్దు దాటితే సరఫరాను తెంచే 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోవడానికి అది బాగా సరిపోతుంది. లైను చివర ఆ నిరోధం మూడు ఓమ్‌లుంటే 76 ఆంపియర్లే. ఎంసీబీ వెంటనే పడుతుందన్న భరోసా తగ్గుతుంది. లైటు మందగించడం, షార్టయినా ఎంసీబీ ఆలస్యంగా పడటం ఒకే జబ్బు లక్షణాలు.

ఇక విద్యార్థుల్ని ఎప్పుడూ వేధించే చిక్కు ఒకటి ఉంది. సామర్థ్యాన్ని రెండు రకాలుగా రాయవచ్చు: వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించి, లేదా కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించి. మొదటిది చూస్తే నిరోధం పెరిగితే వేడి తగ్గాలి. రెండోది చూస్తే నిరోధం పెరిగితే వేడి పెరగాలి. రెండూ సరైనవే, మరి ఏది నిజం? గీజరు కాయిల్‌కు రెండు వైపులా వోల్టేజిని సరఫరా పట్టి ఉంచుతోంది కాబట్టి అక్కడ మొదటిది. ఆ గీజరు ప్లగ్గు పిన్ను, సాకెట్టు మధ్య ఉన్న అతుకులో పారే కరెంటును నిర్ణయించేది అతుకు కాదు, గీజరు. కాబట్టి అక్కడ రెండోది. లూజ్ కాంటాక్ట్ వల్ల ఆ అతుకులో అర ఓమ్ పుట్టిందనుకుందాం. 8.7 ఆంపియర్ల వర్గం దాదాపు 76; అందులో సగం 38 వాట్లు. రేడియో మెకానిక్ చేతిలోని సోల్డరింగ్ ఐరన్ ఎంత వేడి పుట్టిస్తుందో దాదాపు అంత వేడి శెనగ గింజంత చోట, ప్లాస్టిక్ మధ్యలో పుడుతోందన్న మాట. సాకెట్టు పసుపురంగుకు తిరిగి, ఆపై నల్లబడి, వాసన వేయడం అందుకే. గీజరు మాత్రం మామూలుగానే నీళ్లు కాస్తుంది. అర ఓమ్ దానికి లెక్కలోనిది కాదు. మల్టీమీటరు పెట్టి అతుకు నిరోధం చూద్దామంటే చవక మీటరు తీగలకే అంత నిరోధం ఉంటుంది, పైగా కరెంటు లేనప్పుడు పిన్నులు చల్లబడి బిగుసుకుని బాగానే ఉన్నట్టు చూపిస్తాయి. గీజరు నడుస్తుండగా అతుకుకు అటూ ఇటూ వోల్టేజి చూస్తే 4.35 కనిపిస్తుంది, 8.7తో భాగిస్తే అర ఓమ్ దొరికిపోతుంది. ఈ పని చేతి తొడుగులున్న ఎలక్ట్రీషియనే చేయాలి. పని చేస్తున్నప్పుడు తీసిన వోల్టేజి, కరెంటు పట్టించే లోపాన్ని ఆపేసి కొలిచిన నిరోధం పట్టించలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇదే మాట బల్బు విషయంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు 230 వోల్టుల దగ్గర వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు. దాన్ని హోల్డరు నుంచి తీసి, చల్లారాక మల్టీమీటరుతో చూస్తే నలభైకి అటూ ఇటూ ఉంటుంది. టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల సెల్సియస్ దాటి కాగినప్పుడు నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. చల్లటి అంకెను నమ్మి వాట్లు లెక్కేస్తే 1,300 వస్తాయి. ఆ బల్బు అన్ని వాట్లు తీసుకునేది స్విచ్చి వేసిన తొలి తృటిలోనే. పాత బల్బులు ఎక్కువగా స్విచ్చి వేసినప్పుడే పోయేవన్న అనుభవానికి ఇది ఒక కారణం. గీజరు కాయిల్ నిక్రోమ్‌తో చేసింది. వేడికి దాని నిరోధం కొద్దిగానే మారుతుంది. అందుకే మెకానిక్ మల్టీమీటరు పెట్టి 26 వస్తే బాగుందనీ, ఏమీ రాకపోతే కాయిల్ పోయిందనీ ధైర్యంగా చెప్పగలడు. ఎల్‌ఈడీ బల్బు మూడో జాతి. దాని లోపలి డ్రైవరు వాట్లను పట్టి ఉంచేలా చేసినదైతే, వోల్టేజి తగ్గినప్పుడు కరెంటు పెంచుకుంటుంది. 9 వాట్ల బల్బుకు 230 దగ్గర వచ్చిన భాగఫలం ఒకటి, 180 దగ్గర వచ్చేది మరొకటి. ఆ భాగఫలాన్ని నిరోధం అనడం కూడా మొహమాటానికే.

అలాంటప్పుడు ఓమ్ చెప్పింది నియమమే కాదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వోల్టేజిని కరెంటుతో భాగించగా వచ్చేదానికి నిరోధమని పేరు పెట్టడం నిర్వచనం. అది ఎప్పుడూ చెల్లుతుంది, ఎక్కడా తప్పదు, కాబట్టి ప్రకృతి గురించి ఏమీ చెప్పదు. ఉష్ణోగ్రత మారనంత కాలం కొన్ని పదార్థాల్లో ఆ భాగఫలం మారదని చెప్పడం నియమం; అది ప్రయోగంలో తేలాల్సిన మాట. మన పాఠ్యపుస్తకాలు ఓమీయ, అఓమీయ వాహకాలని రెండు రకాలు చెప్పేది ఈ తేడా కోసమే. అయితే పరీక్షల్లో వచ్చే లెక్కల్లో ఆ తేడా ఒక్కసారీ అక్కరకు రాదు కాబట్టి అది నాలుగు మార్కుల ప్రశ్నగానే మిగిలిపోతుంది. ఇంకో అభ్యంతరం మరింత పదునైనది. ఇంటి ముందున్న ఎలక్ట్రానిక్ మీటరు కరెంటును నేరుగా కొలవదు. చాలా మీటర్లలో షంటు అనే అతి చిన్న నిరోధం మీద పడిన వోల్టేజిని చూసి, ఓమ్ నియమంతో కరెంటు లెక్కగడుతుంది. ఓమ్ నియమం నమ్మి తీసిన కరెంటుతో నిరోధం కనుక్కోవడం తాను తవ్విన గోతిలోనే తిరగడం కాదా? కాదు. షంటును మాంగనిన్ అనే రాగి, మాంగనీసు, నికెల్ మిశ్రమంతో చేస్తారు. మామూలు వేడిమిలో దాని నిరోధం దాదాపుగా కదలదు. కదలని ఒక వస్తువును కొలబద్దగా పెట్టుకుని, కదిలే వస్తువుల్ని కొలుస్తున్నాం. ఓమ్ మంచునీ మరిగే నీటినీ వాడింది ఇందుకే. నేటి ప్రమాణ ప్రయోగశాలలు ఇదే దారిలో చాలా దూరం వెళ్లాయి. 1893లో ఓమ్ అంటే 106.3 సెంటీమీటర్ల పాదరసపు నిలువు. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ కనిపెట్టిన క్వాంటమ్ హాల్ ప్రభావం 25,812.807 ఓమ్‌ల మెట్టును ఇచ్చింది, అది వస్తువును బట్టి మారదు. 2019 మే 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ప్రమాణాల్లో ఈ విలువ మౌలిక స్థిరాంకాల నుంచే కచ్చితంగా వస్తుంది. ఆ ప్రయోగశాలల్లో వోల్టేజి, నిరోధాల నుంచి కరెంటును లెక్కగట్టడమే మామూలు పద్ధతుల్లో ఒకటి. మన శీర్షిక తలకిందులైందన్న మాట.

తెలుగు నేలలో ఈ లెక్కకు అసలు పరీక్ష బోరు మోటారు దగ్గర. హైదరాబాద్ చుట్టుపక్కల నేల గ్రానైటు. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి కాబట్టి బోర్లు వందల అడుగులు దిగుతాయి. 600 అడుగుల లోతున, అంటే దాదాపు 180 మీటర్ల కింద ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజు సబ్‌మెర్సిబుల్ మోటారు ఉందనుకుందాం. దాని వైండింగును మల్టీమీటరుతో చూస్తే రెండు మూడు ఓమ్‌లు కనిపిస్తాయి. 230ని రెండున్నరతో భాగిస్తే 92 ఆంపియర్లు. నిజంగా తీసుకునేది పది. తిరిగే మోటారులో సరఫరాకు ఎదురు నిలిచే వోల్టేజి ఒకటి పుడుతుంది, చుట్టల ప్రేరకత్వమూ అడ్డుపడుతుంది. మిగిలిన కొద్దిపాటి వోల్టేజే వైండింగు నిరోధం మీద పడుతుంది. ఇసుక పట్టి మోటారు తిరగలేకపోతే ఎదురు వోల్టేజి లేదు. కరెంటు అయిదారు రెట్లు ఎగబాకుతుంది, వేడి దాని వర్గంగా పెరుగుతుంది, వైండింగు కాలుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో లో వోల్టేజి వచ్చినప్పుడూ ఇదే కథ నెమ్మదిగా జరుగుతుంది. పంపుకు కావలసిన శక్తి పెద్దగా తగ్గదు కాబట్టి వోల్టేజి 190కి దిగితే మోటారు పది బదులు పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. పన్నెండు వర్గం 144, పది వర్గం 100. వైండింగులో వేడి 44 శాతం ఎక్కువ. వోల్టేజి తగ్గితే సాధనం కాస్త నీరసంగా పనిచేస్తుంది, అంతేగా అనుకునేవారు గీజరును చూసి మోటారును అంచనా వేస్తున్నారు. గీజరు నిరోధాన్ని నిలకడగా ఉంచుతుంది, మోటారు పనిని నిలకడగా ఉంచుతుంది.

ఆ మోటారు కేబుల్ సంగతి ఇంకా చెప్పాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌ల నిరోధం. పోయే తీగ, వచ్చే తీగ కలిపి 360 మీటర్లకు 2.66 ఓమ్‌లు. కెపాసిటర్ ప్యానెల్ పైన ఉంటే కిందికి మూడు తీగలు పోతాయి. లెక్క సులువు కోసం ఇక్కడ రెండే తీసుకున్నాం. పది ఆంపియర్లతో 26.6 వోల్టులు కేబుల్‌లోనే పోతాయి, 266 వాట్లు బోరు గొట్టాన్ని వేడి చేయడానికే ఖర్చవుతాయి. స్టార్టరు దగ్గర 215 ఉంటే మోటారు దగ్గర 190 కూడా లేదు. ప్యానెల్ మీది వోల్టు మీటరు చూసి వోల్టేజి బాగానే ఉంది, మోటారే నాసిరకం అని తిట్టుకునేవాళ్లు ఈ 26 వోల్టుల్ని లెక్కలోకి తీసుకోలేదు. కొలిచిన చోటు ఒకటి, కాలిన చోటు ఇంకొకటి. 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే కిలోమీటరుకు 4.6 ఓమ్‌లు, వోల్టేజి నష్టం పదహారున్నరకు, వాట్ల నష్టం 166కు దిగుతుంది. రోజుకు రెండు గంటలు నడిచే బోరుకు ఏడాదిలో 73 యూనిట్లు మిగులుతాయి. కేబుల్ ధర తేడా కొన్నేళ్లలో తీరుతుందా లేదా అన్నది ఇంటింటికీ మారే లెక్క. కానీ ఒక్క రీవైండింగుకు, మోటారును పైకి లాగి దింపే కూలీకి అయ్యేదాన్ని కూడా తక్కెట్లో వేస్తే సన్న కేబుల్ చవక అనడం కష్టం.

మోటారుతో ఇంకో చిక్కుంది. ఏసీ సరఫరాలో వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది ఎప్పుడూ వాట్లు కావు. శామీర్‌పేట వైపు పొలాల్లో వాడే 5 హెచ్‌పీ త్రీ ఫేజు మోటారు 400 వోల్టుల మీద 9 ఆంపియర్లు తీసుకుంటే, మూడు వర్గమూలంతో కలిపి గుణించగా 6,235 వోల్ట్ ఆంపియర్లు వస్తాయి. వాట్ మీటరు 5,000 దగ్గరే చూపిస్తుంది. కరెంటు వోల్టేజితో పాటు లయ కలపకుండా కాస్త వెనకబడి నడవడం వల్ల ఈ తేడా. రెంటి నిష్పత్తి 0.8, దాన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. వాట్లుగా మారని ఆ కరెంటు ఎక్కడికీ పోలేదు, తీగల్లోనే అటూ ఇటూ తిరుగుతూ వాటిని వేడి చేస్తోంది. కెపాసిటర్ పెట్టి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెస్తే లైను కరెంటు 7.6కు దిగుతుంది, లైనులో వృథా వేడి దాదాపు 29 శాతం తగ్గుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక, రైతులు పాటించవలసిన పొదుపు చర్యల్లో ఐఎస్‌ఐ మార్కు పంపుసెట్టు, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, మంచి పైపులతోపాటు కెపాసిటర్‌నూ చేర్చింది ఇందుకే. బిల్లే లేని రైతుకు కెపాసిటర్ ఎందుకు అన్న ఎదురు ప్రశ్న అప్పుడూ ఉండేది. జవాబు రైతు మోటారులోనే ఉంది: లైను కరెంటు తగ్గితే లైనులో వోల్టేజి నష్టం తగ్గుతుంది, ఆ మిగిలిన వోల్టులు మోటారుకే చేరతాయి. పరిశ్రమలకు మాత్రం డబ్బు లెక్కే ఉంది. తెలంగాణలో హైటెన్షన్ వినియోగదారులకు బిల్లు వేసేది వాట్ల మీద కాదు, వోల్ట్ ఆంపియర్ల మీద.

లైనులో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే సామర్థ్యాన్ని ఎక్కువ వోల్టేజి మీద పంపితే కరెంటూ నష్టమూ తగ్గుతాయి. 400కు బదులు 11,000 వోల్టుల మీద పంపితే కరెంటు 27.5 రెట్లు తక్కువ, అదే తీగలో నష్టం 756 రెట్లు తక్కువ. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి పొలాల మీదుగా మైళ్లకొద్దీ లోటెన్షన్ తీగలు లాగే బదులు, 11 కిలోవోల్టుల తీగనే పొలం దాకా తీసుకెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలో విస్తృతంగా తెచ్చింది ఈ లెక్క మీదే. బొల్లారం మీదుగా మేడ్చల్ వెళ్లే రైలు మార్గం మీద 2023 నుంచి ఎంఎంటీఎస్ రైళ్లు తిరుగుతున్నాయి; వాటి పైతీగలో ఉన్నది 25,000 వోల్టులు. ఆ వేల కిలోవాట్ల బండిని 230 వోల్టుల మీద లాగాలంటే తీగ బదులు ఇనుప దూలం వేలాడదీయాలి.

లెక్క తెలియక జరిగే నష్టాల్లో విచిత్రమైనది న్యూట్రల్ కట్. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీద ఉన్న రెండిళ్లు ఒకదాని వెంట ఒకటిగా 400 వోల్టుల మధ్య ఇరుక్కుంటాయి. ఒకింట్లో 2,000 వాట్ల గీజరు నడుస్తోంది, నిరోధం 26.45 ఓమ్‌లు. రెండో ఇంట్లో టీవీ, ఫ్యాను కలిపి 200 వాట్లే, నిరోధం 264.5 అనుకుందాం. రెండింట్లోనూ ఇప్పుడు ఒకే కరెంటు, 1.37 ఆంపియర్లు. గీజరు ఇంటికి 36 వోల్టులు, టీవీ ఇంటికి 364. తక్కువ వాడుకునే ఇంట్లో టీవీ కాలిపోతుంది, ఎక్కువ వాడుకునే ఇంట్లో లైటు కూడా వెలగదు. హై వోల్టేజి వచ్చిందని జనం అంటారు గానీ, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన వోల్టేజి ఒక్క వోల్టు పెరగలేదు, పంచుకోవడమే మారింది.

ఇక బిల్లు. లో వోల్టేజి వస్తే గీజరు తక్కువ వాట్లు తీసుకుంటుంది కాబట్టి యూనిట్లు కలిసొస్తాయని ఒక నమ్మకం. 200 వోల్టుల దగ్గర మన గీజరు 2,000 బదులు 1,512 వాట్లే తీసుకుంటుంది, నిజమే. కానీ 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించడానికి 0.44 యూనిట్లు కావాలి, వోల్టేజి ఎంతైనా అంతే. పదమూడు నిమిషాల పని పదిహేడు నిమిషాలు పడుతుంది. ట్యాంకు గోడల గుండా పోయే వేడి కాస్త పెరుగుతుంది. 2024 నుంచి తెలంగాణ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం పొందే ఇళ్లలో రోజుకు అరగంట గీజరు అంటే నెలకు 30 యూనిట్లు, పరిమితిలో ఏడో వంతు. ఆ లెక్క వోల్టేజి మీటరు చూసి మారేది కాదు.

చివరిగా ఎర్తింగు, ఎందుకంటే మిగతావన్నీ తప్పితే డబ్బు పోతుంది, ఇది తప్పితే ప్రాణం పోతుంది. మచ్చ బొల్లారం వంటి రాతి నేలలో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత వానాకాలంలో మంచి అంకె చూపి, ఎండాకాలం నేల ఎండగానే చెడుతుంది. దాని నిరోధం 20 ఓమ్‌లనుకుందాం. గీజరు లోహపు తొడుగుకు ఫేజు తగిలితే నేలలోకి 11.5 ఆంపియర్లు పోతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని లోపంగా గుర్తించదు, మామూలు లోడుగా మోస్తూ కూర్చుంటుంది. గంటకు 2.6 యూనిట్లు మట్టిలో కలుస్తాయి, తొడుగు మీద 230కి దగ్గరగా వోల్టేజి నిలుస్తుంది. తడి చేత్తో పట్టుకున్న మనిషి నిరోధం వెయ్యి ఓమ్‌లనుకున్నా అతని గుండా పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో కొంత భాగం చాలు. ఎర్తింగు ఉంది కదా అని ధీమాగా ఉండేవారు దాని ఓమ్‌లు ఎన్నో అడగరు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే 20 ఓమ్‌ల ఎర్తింగైనా చాలు. లీకేజి 30 మిల్లీ ఆంపియర్లు దాటగానే, సెకనులో కొద్ది వంతులో సరఫరా తెగిపోతుంది. ఆర్‌సీసీబీ ఉంటే ఎర్తింగు అక్కర్లేదా అంటే, అదీ పొరపాటే. ఎర్తు తీగ లేని తొడుగులో లీకేజి పారడానికి మనిషి తాకేదాకా దారి దొరకదు, ఆర్‌సీసీబీ పడేది ఆ షాకు కొట్టాకే. ఎర్తు నిరోధాన్ని కొలిచే పరికరం చేసేదీ ఈ వ్యాసం మొదట చెప్పిన లెక్కే: నేలలోకి తెలిసిన కరెంటు పంపి, దూరంగా పాతిన మేకుకూ గుంతకూ మధ్య వోల్టేజి చూసి భాగిస్తుంది. వానలు వెలిశాక తీసిన అంకెతో తృప్తి పడకుండా, ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఉన్నప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ కొలత తీయించండి. పంపిణీ పెట్టెలో ఆర్‌సీసీబీ లేకపోతే అదే రోజు పెట్టించండి, ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి.